ససేమిరా కుర్చీలు

లంకపేట వర్తక సంఘం వారి కల్యాణ మండపంలో, మాఘమాసపు పెళ్ళిళ్ళ ఊపులో, ఒక పట్టీ మూలంగా పెద్ద రగడ జరిగింది. పట్టీ అంటే కాలికి పెట్టుకునే వెండి పట్టీయే. పెళ్ళికి ముందే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కలిసి ఒక పాట తీయించుకోవడం, దాన్ని పెళ్ళిరోజున మండపంలో పెద్ద తెర మీద వేయించుకోవడం ఈ మధ్య ఆచారమైపోయింది కదా. ఆ రోజు వేసిన పాటలో పెళ్ళికూతురు కాలవ రేవులో పై మెట్టు మీద నిలబడి ఉంటుంది. పెళ్ళికొడుకు కింది మెట్టు మీద కూర్చుని ఆమె కాలికి పట్టీ పెడతాడు. అమ్మాయి తరఫువాళ్ళు ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నారు. అబ్బాయి మేనత్త మాత్రం లేచి నిలబడి, "పెళ్ళి కాకుండానే మావాడి చేత కాళ్ళు పట్టించేశారు" అంది.

దాంతో మాటలు పెరిగాయి, కుర్చీలు లేచాయి, సాంబారు గుండిగ బోర్లపడింది. పాట తీసిన చిట్టిబాబు గొడవ మధ్యలోకి దూరి, కింది మెట్టు మీద నాచు ఉందనీ, అమ్మాయి జారిపడుతుందేమోనని పైన నిలబెట్టాననీ ఇరుపక్షాలకీ విడివిడిగా మొరపెట్టుకున్నాడు. వినేవాళ్ళెవరు? ఎవరో విసిరిన కొబ్బరిబోండాం గురితప్పి తెరకి తగిలి, తెర మధ్యలో బోండామంత బొక్క పడింది. వధూవరుల సంగతి దేవుడు చూసుకుంటాడు గానీ తెర మండపం వారిది. అందుకని కమిటీలో కదలిక వచ్చింది.

కమిటీ అధ్యక్షుడు వరహాలయ్యగారు రైసుమిల్లు యజమాని. కార్యదర్శి అవధానులుగారు రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గానీ ఆ భాషని ఆయన వదల్లేదు. ఇంట్లో మజ్జిగ కావాలన్నా "సదరు పెరుగును తగు మోతాదులో పలుచన చేయించగలరు" అంటాడని ఊళ్ళో చెప్పుకుంటారు. వీళ్ళిద్దరూ ఒక ఆదివారం సాయంత్రం డాక్టర్ దివాకరం ఇంటికి వచ్చారు.

దివాకరం ఊళ్ళోని డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెబుతాడు. పాటల వీడియోలలో మనుషుల్ని ఎలా చూపిస్తారు, చూసేవాళ్ళు దానికి ఏ అర్థం చెప్పుకుంటారు అన్న విషయం మీద డాక్టరేటు తీసుకున్నాడు. ఆ థీసిస్‌ని ఇంతవరకూ చివరిదాకా చదివినవాడు ఒక్కడే, అది టైపు చేసినవాడు. వాడు కూడా చదివి ఏమీ అనలేదు. క్లాసులో దివాకరం ఆ సిద్ధాంతాలు మొదలుపెట్టగానే పిల్లలు చూపు ఆయన మీదే ఉంచి మనసుని క్యాంటీనుకి పంపించేవారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. అలాంటి మనిషిని వెతుక్కుంటూ, చేతిలో లడ్డూల పెట్టెతో, ఇద్దరు పెద్దమనుషులు వచ్చి సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నారు. ఆయన పొంగిపోకుండా ఎలా ఉంటాడు?

"పైన చెప్పిన పట్టీ వివాదం విషయమై, తమరి శాస్త్రంలో ఏమైనా నిబంధన ఉన్నదేమో తెలియజేయగలరు" అన్నాడు అవధానులు.

"ఉందండి. ఒకే పాటని జనం మూడు విధాలుగా చూస్తారు. తీసినవాడు ఏం చెప్పాలనుకున్నాడో దాన్ని అలాగే ఒప్పుకునేవాళ్ళు కొందరు. కొంత ఒప్పుకుని, కొంత తమ సొంత అనుభవం కలిపి బేరమాడుకునేవాళ్ళు కొందరు. అసలు ససేమిరా అని అడ్డంగా అర్థం తీసేవాళ్ళు కొందరు."

వరహాలయ్య తల ఊపాడు. "మా మిల్లు దగ్గర కూడా ఇంతేనండి. ధర చెప్తే ఈ మూడు రకాలే ఉంటారు."

దివాకరానికి ఆ పోలిక నచ్చింది. ఇంకా చెప్పాడు. తెర మీద కనిపించేది లోకం కాదనీ, లోకంలోంచి ఎవరో ఏరి చూపించిన ముక్కలనీ చెప్పాడు. అందుచేత చూపించనిదే ఎక్కువ మాట్లాడుతుందన్నాడు. తీసినవాడి ఉద్దేశంతో పనిలేదనీ, అర్థం చూసేవాడి దగ్గరే పుడుతుందనీ అన్నాడు. కెమెరాకి సాధారణంగా మగవాడి చూపు ఉంటుందన్నాడు. అవధానులు అన్నీ రాసుకున్నాడు. తను చెప్పేది ఒకరు రాసుకోవడం దివాకరం ఉద్యోగజీవితంలో అదే మొదలు. భార్య హైమవతి కాఫీలు తెచ్చి, భర్త ముఖం చూసి, ఇక ఈయన్ని పట్టుకోవడం కష్టమనుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే కమిటీ తీర్మానం వచ్చింది. మండపంలో ఇక మూడు రకాల కుర్చీలుంటాయి. తెల్ల గుడ్డ తొడిగినవి ఒప్పుకునేవారికి, పసుపు గుడ్డవి బేరమాడేవారికి, ఎర్ర గుడ్డవి ససేమిరా అనేవారికి. "ప్రేక్షకులు తమ తమ అభిప్రాయములను ముందస్తుగా ఖరారు చేసుకొని, తదనుగుణమైన కుర్చీలలో ఆసీనులు కావలెను. పాట ప్రారంభమైన పిమ్మట అభిప్రాయము మార్చుకొనుట నిషిద్ధము."

దివాకరం ఆ కాగితం చదివి ఉలిక్కిపడ్డాడు. సిద్ధాంతం చెప్పేదేమిటి, చూసేవాడు స్వతంత్రుడని. వీళ్ళు చేసిందేమిటి, వాడిని కుర్చీకి కట్టేయడం. ఇంతకీ కమిటీ తన సిద్ధాంతాన్ని బేరమాడి చదివిందా, ససేమిరా అని చదివిందా అని కాసేపు ఆలోచించాడు. ఏ రకంగా చూసినా తప్పే కాబట్టి, మర్నాడు జరిగే సభలో లేచి ఖండిద్దామనుకున్నాడు. సభలో లేచాడు కూడా. సరిగ్గా అప్పుడే వరహాలయ్య వచ్చి ఆయన భుజాల మీద జరీ శాలువా కప్పి, "మన మండపానికి గౌరవ అర్థ నిర్ణయాధికారి డాక్టర్ దివాకరంగారు" అని మైకులో ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. నోరు తెరిచిన మనిషి, తెరిచిన నోటితోనే ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు. మనిషిని మాట్లాడనివ్వకుండా చేయాలంటే శాలువాని మించిన సాధనం లేదు.

కుర్చీల పద్ధతి మొదటి పెళ్ళిలోనే అడ్డం తిరిగింది. అందరూ ఎర్ర కుర్చీలే కావాలన్నారు. ఇందులో వింతేమీ లేదు. మన పెళ్ళిళ్ళలో మర్యాద ఎవరికి? అలిగినవాడికి. నోరు మూసుకుని తిని వెళ్ళే చుట్టాన్ని ఎవరూ పలకరించరు. మూతి ముడుచుకున్న బావగారి చుట్టూ పదిమంది చేరతారు, ఒకరు విసనకర్రతో విసురుతారు, ఒకరు బతిమాలతారు, పెట్టిన బట్టలు నచ్చలేదంటే మార్చి ఇస్తారు. అల్లుడి అలకకి ప్రత్యేకంగా పాన్పు వేసిన జాతి మనది. తెల్ల కుర్చీలో కూర్చోవడమంటే నన్నెవరూ బతిమాలక్కర్లేదని చీటీ అంటించుకోవడమే. అది ఎవరొప్పుకుంటారు? పెళ్ళికూతురి సొంత తాతగారు కూడా కర్ర పొడుచుకుంటూ వెళ్ళి ఎర్ర కుర్చీ పట్టుకున్నాడు. పాట ఇంకా చూడలేదు, అయినా అప్పటికే కోపంగా ఉన్నాడు.

తెల్ల కుర్చీలు బోసిగా ఉంటే తెర వైపు నుంచి చూడటానికి బాగోలేదని వరహాలయ్య బాధపడ్డాడు. దివాకరం తన విద్యార్థుల్ని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. ఒప్పుకుంటున్నట్టు ముఖం పెడితే ఇంటర్నల్ మార్కులు వేస్తానన్నాడు. క్లాసుకి రాని వాళ్ళు కూడా పెళ్ళిళ్ళకి తప్పకుండా వచ్చారు. భోజనం బాగుంటుంది.

ఎర్ర కుర్చీల జనం పెరిగేకొద్దీ బోండాలు విసిరే ప్రమాదం కూడా పెరుగుతుంది గనక, కమిటీ ఇంకో అడుగు వేసింది. ప్రతి పాటకీ ముందుగా ఆమోదిత అర్థం ఒకటి ఖరారు చేసి, ధ్రువపత్రం ఇచ్చి, పాట వేసేముందు అర్థ నిర్ణయాధికారి స్వయంగా మైకులో చదివి వినిపించాలి. ఈ నిబంధన మాత్రం దివాకరమే రాశాడు. 'స్వయంగా' అన్న మాట ఆయనే చేర్చాడు. లేకపోతే మైకు అవధానులు చేతికి పోతుందని భయం.

"ఈ పాటలో వధువు ఉయ్యాలపై కూర్చొనగా వరుడు ఊపుట వ్యాయామ నిమిత్తమే గాని సేవకత్వమును సూచింపదు" అని చదివాడు. "వరుడు నల్ల కళ్ళద్దములు ధరించుట ఎండ తీవ్రత వలన. వధువు వర్ణమునకు సంబంధము లేదు" అని ఇంకొకసారి చదివాడు. అంతవరకూ ఆ కళ్ళద్దాలకి అలాంటి అర్థం ఉందని ఎవరికీ తట్టలేదు. తట్టాక అరగంట గొడవ జరిగింది.

చూపించనిదే ఎక్కువ మాట్లాడుతుందన్న మాట ఊళ్ళోకి పాకింది. పాటలో కనిపించని బంధువులందరూ అర్జీలు పెట్టారు. మేనమామ ఉండి పినతండ్రి లేకపోవడం దేన్ని సూచిస్తుందో తెలియజేయాలన్నారు. దాంతో పాటల్లో బంధువులు పెరిగారు. గులాబీ తోటలో వధూవరులు చేతులు పట్టుకుని పరుగెడుతుంటే వెనకాల ఇరువైపులవాళ్ళూ సరిసమానంగా పరుగెత్తారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళని ఆటోలో తీసుకొచ్చారు. ఒక పాట ముగిసేసరికి ముహూర్తం దాటిపోయేలా ఉంటే, పురోహితుడు విసుగెత్తి రెండో చరణంలోనే తాళి కట్టించేశాడు.

ఇక కెమెరాకి మగవాడి చూపు ఉంటుందన్న మాటని అవధానులు ఆచరణలో పెట్టాడు. చిట్టిబాబు బదులు చిట్టిబాబు భార్య కెమెరా పట్టుకోవాలన్నాడు. పాపం ఆమె కుట్టుమిషను తప్ప మరో యంత్రం ముట్టి ఎరగదు. మొదటి పాటలో లోకమంతా ఎడమవైపుకి ఒరిగింది. "దృశ్యము ఒరుగుట ప్రేమాతిశయమును సూచించును" అని దివాకరం ధ్రువపత్రం ఇచ్చాడు. ఇచ్చిన రాత్రి అద్దంలో తన ముఖం చూసుకుని సిగ్గుపడ్డాడు. పొద్దున శాలువా మడత పెట్టుకుంటూ ఆ సిగ్గుని మరిచిపోయాడు.

చిట్టిబాబు ఒకరోజు ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, తీసినవాడి ఉద్దేశంతో పనిలేదని తమరే చెప్పారటండి. ఏం చెప్పబోయినా, నువ్వు లెక్కలో లేవు పొమ్మంటున్నారండి. ఇంతకీ నేనున్నట్టా, లేనట్టా?"

"సిద్ధాంతపరంగా లేనట్టేనయ్యా."

"మరి మా ఆవిడ కెమెరా కింద పడేస్తే తిట్లు తినేది ఎవరండి?"

దివాకరం కాఫీ ఇచ్చి పంపించాడు.

సరిగ్గా ఈ వైభవం మధ్యలో దివాకరం కూతురు యామినికి పెళ్ళి కుదిరింది. విశాఖలో తనతో ఒకే బ్యాంకులో పనిచేస్తున్న నిఖిలేష్‌నే చేసుకుంటానంది. అబ్బాయిది లంకపేటే. తండ్రి లేడు, తల్లి భ్రమరాంబగారు ఒంటిచేత్తో పెంచింది. నలుగురికీ తెలిసిన మనిషి, నలుగురూ కాస్త భయపడే మనిషి. మండపంలో ఏ పెళ్ళి జరిగినా ముందు వరస ఎర్ర కుర్చీ ఆమెదే. వైశాఖంలో ముహూర్తం పెట్టారు. ఆ ఒక్క మండపమే దొరికింది.

యామిని ఫోనులో ఒక పాట చూపించింది. స్నేహితురాలు తీసిందట. పెద్దగా ఏమీ లేదు. యామిని స్కూటర్ నడుపుతోంది. వెనకాల నిఖిలేష్ ఒళ్ళో ఇంత పనసకాయ పెట్టుకుని కూర్చున్నాడు. వాన మొదలవుతుంది. స్కూటర్ ఆగిపోతుంది. కాయ జారి రోడ్డు మీద దొర్లుతుంది. ఇద్దరూ దాని వెంట పరుగెడతారు. వెనకాల ఎవరో చక్కగా పాడుతున్నారు.

దివాకరం పెన్సిలు తీశాడు. "స్కూటర్ నువ్వు నడుపుతున్నావు. అంటే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వస్తుంది. అతను వెనక, పైగా ఒళ్ళో బరువు. అవునూ, పనసకాయ ఎందుకు?"

"సంతలో కొన్నాం నాన్నా."

"అది కాదమ్మా. దేన్ని సూచిస్తుంది?"

"కూరని సూచిస్తుంది." యామిని ఫోను లాక్కుంది. "నాన్నా, దీనికి అర్థాలు తియ్యొద్దు. మేమిద్దరం నవ్వుకుంటున్నాం, అంతే. అందరూ చూస్తారని సంబరపడ్డాను. మైకులో దీని అర్థం చదివావంటే నేను పీటల మీదకి రాను. ఒట్టు."

యామిని ఊరికే బెదిరించే పిల్ల కాదు. చిన్నప్పుడు బడికి వెళ్ళనంటే వెళ్ళలేదు, ఆ బడే మార్చాల్సి వచ్చింది.

"అసలు ఆ పాట వెయ్యడమే మానేద్దాం" అన్నాడు దివాకరం, ఆ రాత్రి భోజనం దగ్గర.

హైమవతి గరిట కింద పెట్టింది. "అదీ అయింది లెండి. పాట ఒకటి తీశారని వియ్యపురాలికి తెలిసిపోయింది. సాయంత్రం ఫోన్ చేసింది. 'వదినగారూ, ఆ పాట వెయ్యకపోతే మాత్రం అందులో మావాణ్ణి ఏదో చేశారనే అనుకుంటాను. చూపించనిదే ఎక్కువ మాట్లాడుతుందని అన్నయ్యగారే చెప్పారు కదా' అంది." అదే ఊపులో ఆమె ఎప్పటినుంచో దాచుకున్న మాట అనేసింది. "మీ పక్కన కూర్చుని నేను ఏనాడైనా ఒక పాట హాయిగా చూశానా? ప్రతి పాటకీ కింద ఏం దాగుందో చెప్తారు. నాకు పైనున్నది చాలండీ."

దివాకరం ఆ రాత్రి సరిగా తినలేదు. వేస్తే అర్థం చదవాలి, చదివితే కూతురు పీటల మీదకి రాదు. వెయ్యకపోతే వియ్యపురాలు పెళ్ళిలోంచి లేచి వెళ్ళిపోతుంది. మధ్యలో ఉన్న దారులన్నీ తనే ఒక్కొక్కటిగా, శాస్త్రోక్తంగా మూసేశాడు. 'స్వయంగా' అని రాసిన చేతిని చూసుకున్నాడు.

కమిటీ దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. ఈ ఒక్క పాటకి మినహాయింపు ఇమ్మన్నాడు.

"మినహాయింపు ఇచ్చుటకు నిబంధనలలో అవకాశము లేదు" అన్నాడు అవధానులు. "పైగా తమరు స్వయముగా రచించిన నిబంధన. తమరి సొంత వ్యవహారము గనుక, దరఖాస్తులోని వివరములను బట్టి అర్థమును మాత్రము కమిటీయే నిర్ణయించినది. చిత్తగించండి." గొంతు సవరించుకుని చదివాడు. "వధువు వాహనము నడుపుట వరునికి వధువునందు గల విశ్వాసమును సూచించును. వర్షము ఇరు కుటుంబముల ఆనందబాష్పములను సూచించును. పనసకాయ సంతానాభివృద్ధిని సూచించును."

"పనసకాయ జారి రోడ్డు మీద పడుతుందండి."

అవధానులు కంగారుపడి కాగితంలోకి చూశాడు. వరహాలయ్య సర్దిచెప్పాడు. "ఆ ముక్క దగ్గర కొంచెం గబగబా చదివెయ్యండి మాస్టారూ."

పెళ్ళి రోజు వచ్చింది. పొద్దున్నే మండపం నిండిపోయింది. ఎర్ర కుర్చీలు చాలక పసుపువాటికి ఎర్ర తువ్వాళ్ళు కప్పారు. తెల్ల కుర్చీల్లో యథాప్రకారం విద్యార్థులు, ఒప్పుకుంటున్న ముఖాలతో, వంటల వాసన వైపు తిరిగి కూర్చున్నారు. ముందు వరసలో భ్రమరాంబగారు పట్టుచీర చెంగు బిగించి కూర్చుంది. నిఖిలేష్ అప్పటికే పీటల మీద ఉన్నాడు. గౌరీపూజ ముగించుకుని యామిని గది గుమ్మంలో నిలబడి, అడుగు బయట పెట్టకుండా, తండ్రి వైపే చూస్తోంది. ఆ పక్కనే హైమవతి కూడా అలాగే చూస్తోంది.

అవధానులు మైకూ కాగితమూ తెచ్చి దివాకరం చేతిలో పెట్టాడు. "చదవగలరు."

దివాకరం లేచాడు. కాగితం విప్పాడు. గుమ్మం వైపు చూశాడు. పిల్ల ముఖంలో కోపం ఉంటుందనుకున్నాడు. కోపం లేదు, భయం ఉంది. తన పాట పదిమందిలో చూడబోతున్న సంబరం ఎక్కడ పాడైపోతుందో అన్న భయం. ఆ భయం తన వల్లే. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల సంబరాన్ని ఇలాగే విప్పి బల్ల మీద పరిచానో అనుకున్నాడు. ఆయనకి తన మీద తనకే చెడ్డ కోపం వచ్చింది.

పాట వేయడానికి తెర పక్కన సిద్ధంగా ఉన్న చిట్టిబాబు వైపు తిరిగి, "వెయ్యవయ్యా" అన్నాడు.

"అర్థం చదవకుండానా" అన్నాడు అవధానులు. అప్పటికే పాట మొదలైంది.

దివాకరం ఆ పాటని చాలాసార్లు చూశాడు, ప్రతిసారీ పెన్సిలుతో. ఇప్పుడు ఒక చేతిలో మైకు, ఒక చేతిలో కాగితం ఉన్నాయి కాబట్టి పెన్సిలు పట్టుకోవడానికి వీల్లేకపోయింది. తెర వైపు తిరిగి చూశాడు. స్కూటర్ ఆగింది. కాయ దొర్లింది. కూతురు వానలో నిలబడి, కడుపు పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వుతోంది. తన ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల అలా నవ్వగలదని ఆయనకి ఇంతవరకూ తెలియదు. ఇక ఆ నవ్వు వేరే ఇంట్లో ఉంటుంది. ఆ సంగతి తెలిసేసరికి ఆయనకి ఏడుపు వచ్చేసింది. మైకు నోటి దగ్గరే ఉందని మరిచిపోయాడు. అర్థ నిర్ణయాధికారి వెక్కిళ్ళు మండపం నాలుగు మూలలా, వంటశాలలో కూడా వినిపించాయి.

జనం తెర వదిలేసి ఆయన్ని చూడటం మొదలుపెట్టారు. ఆడపిల్ల తండ్రి కదా, బెంగ పెట్టుకున్నాడని కొందరన్నారు. బెంగా ఉంది, నిబంధన తప్పానన్న భయమూ ఉందని కొందరన్నారు. అంతా నాటకం, ఎవరూ తన మీదికి రాకుండా ముందే ఏడుస్తున్నాడని ఎర్ర తువ్వాళ్ళ వైపు నుంచి ఎవరో గట్టిగానే అన్నారు. అచ్చంగా మూడు రకాలు. ఇన్నేళ్ళూ నల్లబల్ల మీద గీసిన బొమ్మ కళ్ళ ముందు ప్రాణంతో నిలబడింది. అయితే అప్పుడు దివాకరానికి దాన్ని రాసుకోవాలనిపించలేదు. ముక్కు తుడుచుకోవడానికి ఏదైనా దొరికితే చాలనిపించింది. ధ్రువపత్రంతో తుడుచుకున్నాడు.

పాట అయిపోయింది. భ్రమరాంబగారు లేచి నిలబడింది. వంటవాళ్ళు ముందుచూపుతో సాంబారు గుండిగని వెనక్కి లాక్కున్నారు.

"అన్నయ్యగారూ, మావాడి ఒళ్ళో ఆ పనసకాయ ఎందుకు పెట్టారు? దాని అర్థం ఏంటో మీరు చెప్పండి."

అవధానులు దివాకరం చెవిలో, "సంతానాభివృద్ధి, సంతానాభివృద్ధి" అని అందించాడు.

దివాకరం మైకు కింద పెట్టేశాడు. "తెలీదమ్మా. సంతలో కొన్నారట. నేను ఊరికే పాట చూస్తూ ఉండిపోయాను."

తెలీదు అన్న మాట ఆయన నోట రావడం హైమవతి పెళ్ళయినప్పటి నుంచీ వినలేదు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

భ్రమరాంబగారు కాస్త తగ్గు గొంతుతో, "మీరైనా చూశారు. నేను చూడలేదండి" అంది. "ఆ కాయేంటి, వాడు వెనకాల కూర్చోవడమేంటి అని అదే పట్టుకుని కూర్చున్నాను. అందులో మావాడు నవ్వాడా?"

"నవ్వాడమ్మా. చాలా నవ్వాడు."

"వాళ్ళ నాన్న పోయాక వాడు గట్టిగా నవ్వడం నేను చూళ్ళేదు." ఆమె మళ్ళీ కూర్చుని చెంగు సర్దుకుంది. "అయితే మళ్ళీ వెయ్యమనండి."

మళ్ళీ వేశారు. పనసకాయ దొర్లినప్పుడు మొదట నవ్వింది భ్రమరాంబగారే. ముందు వరస నవ్వాక వెనక వరసలకి అభ్యంతరం ఏముంటుంది? తెల్ల కుర్చీల విద్యార్థులు మార్కుల సంగతి మరిచిపోయి నవ్వారు. ఆ నవ్వుల మధ్యలోంచి యామిని నడిచి వచ్చి పీటల మీద కూర్చుంది. తాళి ముహూర్తానికే పడింది.

మరుసటి వారం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. అర్థము చదవకుండా పాట వేయించుట, అనుమతి లేకుండా రెండవసారి వేయించుట, బహిరంగముగా తెలియదనుట అనే మూడు అభియోగాల మీద దివాకరాన్ని గౌరవ పదవి నుంచి తప్పించారు. శాలువా తిరిగి అడగలేదు. ఇక ఆ పెళ్ళిలో బయటపడిన కొత్త రకం ప్రేక్షకుల సమస్య మిగిలింది. "అర్థముతో నిమిత్తము లేక ఊరికే చూచువారు" అని వారికి ఒక వర్గం ఏర్పాటు చేశారు. అలాంటివాళ్ళు ఊళ్ళో పెద్దగా ఉండరని అంచనా వేసి, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన, అందరికంటే వెనక, ఒకే ఒక్క ఇనుప కుర్చీ వేశారు. దానికి ఏ రంగు గుడ్డ తొడగాలో తేలక ఏమీ తొడగలేదు.

జ్యేష్ఠంలో వరహాలయ్యగారి మనవరాలి పెళ్ళి అదే మండపంలో జరిగింది. దివాకరం హైమవతిని ఆడవాళ్ళ మధ్య వదిలేసి, ఎవరూ చూడకుండా గోడ వారగా నడిచి, కుళాయిల దగ్గరికి వెళ్ళాడు. ఇనుప కుర్చీలో అప్పటికే భ్రమరాంబగారు కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేవలేదు. తెర మీంచి చూపు కూడా తిప్పలేదు.

"ఇంకో కుర్చీ తెచ్చుకోండి అన్నయ్యగారూ" అంది. "పాట మొదలైపోయింది."